గుస్సాడీ వేషం కాదు, జంగుబాయి పిక్నిక్ స్పాట్ కాదు



దీపావళికి మన గూడేలకు దండారీ వస్తది, దాని వెనకే కెమెరాలు వస్తయి. పుష్య మాసంలో కెరమెరి మండలం జంగుబాయి గుహ దగ్గరా ఇదే కథ. రావొద్దని మనం ఎవరికీ చెప్పలేదు. ఎక్కడికి వస్తున్నరో తెలుసుకుని రమ్మంటున్నం.

2021లో మర్లవాయి కనకరాజు గారికి పద్మశ్రీ వచ్చింది. గుస్సాడీ పేరు దేశమంతా తెలిసింది, సంతోషం. కానీ పేరు తెలిసినంతగా నియమం తెలియలేదు. నెమలి ఈకల టోపీ పెట్టి, ఒంటికి బూడిద పూసుకున్న మనిషి ఆ రోజుల్లో మనకు దేవుడి రూపం. దీక్ష ముగిసేదాకా స్నానం కూడా చేయడు. ఆయన భుజం మీద చెయ్యేసి సెల్ఫీ దిగడం, "టోపీ ఒక్కసారి ఇవ్వు" అనడం, గుడిలో దేవుడి కిరీటం అడిగినట్టే. ఏ మంత్రి వచ్చినా గుస్సాడీని గేటు ముందు నిలబెట్టే అధికారులకూ ఈ మాట వర్తిస్తది.

జంగుబాయికి గోపురం లేదు. అందుకే కొందరికి అది గుడిలా కనిపించదు. మనకు ఆ గుహ, ఆ కొండ, ఆ అడవి అంతా గుడే. తెలంగాణ నుంచి, మహారాష్ట్ర నుంచి కుటుంబాలు మొక్కు తీర్చుకునే చోట సీసాలు, ప్లాస్టిక్ ప్లేట్లు పారేసి పోవడం ఏం మర్యాద? పక్క జిల్లా కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం కొత్త కోడళ్లు ముఖం కప్పుకుని భేటింగ్‌కు వస్తరు. ముఖం కప్పుకున్న ఆడబిడ్డ మీదికి జూమ్ పెట్టడం ఏం ఫొటోగ్రఫీ?

ఆస్ట్రేలియాలో అనంగు ఆదివాసులకు పవిత్రమైన ఉలురు కొండ ఎక్కడం 2019 అక్టోబర్ 26 నుంచి బంద్. అయినా జనం వస్తున్నరు, కింది నుంచే చూసి పోతున్నరు. గౌరవం అడిగితే టూరిజం ఆగదు.

వచ్చేటోళ్లకు మన మాట చిన్నదే. ముందు పటేల్‌నో కటోడానో అడగండి. చెప్పులు బయట విడవండి. పూజ నడుస్తుంటే ఫోన్ జేబులో పెట్టండి. వద్దంటే వద్దనే. మీరు తెచ్చిన చెత్త మీరే తీసుకుపోండి.

మన యువతకూ పని ఉంది. పండుగకు ముందే పెద్దమనుషులతో కూర్చుందాం. ఫొటో ఎక్కడిదాకా, ఎక్కడి నుంచి వద్దు అనేది గ్రామసభలో తీర్మానం చేసి, తెలుగులో, మరాఠీలో బోర్డు పెడదాం. ఆచారాలను, సంస్కృతిని కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. అది కాగితం మీదనే ఉండొద్దు. లోపలి పూజ వీడియో మన ఫోన్ల నుంచి కూడా బయటికి పోవద్దు. మన దేవుళ్లకు మనం కాపలా ఉంటేనే బయటోళ్లు ఆగుతరు.

జల్, జంగల్, జమీన్ మనవి. వాటిల్ల ఉన్న పేన్ కూడా మనదే.