షుగరు గోలీతో ఆయుష్షు పెరుగుతుందా?

షుగరు జబ్బుకు వాడే మెట్‌ఫార్మిన్ గోలీ గురించి కొంతకాలంగా ఒక కొత్త మాట వినిపిస్తోంది. షుగరు లేనివాళ్లు వేసుకున్నా ముసలితనం ఆలస్యమవుతుందట, ఆయుష్షు పెరుగుతుందట. గోలీ చౌక, దొరకడం సులువు. అమ్మీకి డాక్టరు రాసిచ్చిన షీటులోంచి కొడుకొకటి, కోడలొకటి తీసి వేసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? అందుకే ఈ మాటలో నిజమెంతో, ఆశ ఎంతో మనం విడదీసి చూసుకోవాలి.

ముందు జబ్బు సంగతి చూద్దాం. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. ఆ చక్కెరను కండరాల్లోకి పంపేది ఇన్సులిన్. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని, ఒంటికి పని తగ్గినప్పుడు ఇన్సులిన్ ఎంత తలుపు తట్టినా కండరాలు సరిగా తీయవు. దీన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు. షుగరు బయటపడడానికి ఏళ్ల ముందే ఇది మొదలవుతుంది. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారడం దీనికి ఒక గుర్తు. చాలామంది దాన్ని మురికనుకుని రుద్దుతూ ఉంటారు. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం అవసరానికి మించి చక్కెర తయారు చేయకుండా ఆపుతుంది. ఇన్సులిన్ పనిని కొంత తేలిక చేస్తుంది.

ఈ మందు కథ చిన్నదేమీ కాదు. దీన్ని 1922లో డబ్లిన్ నగరంలో తయారు చేశారు. 1957లో జీన్ స్టెర్న్ అనే ఫ్రెంచి వైద్యుడు షుగరు రోగులపై దీని ఫలితాలను ప్రకటించాడు. అమెరికా మాత్రం 1994 దాకా అనుమతించలేదు. దీని తోబుట్టువు లాంటి ఫెన్‌ఫార్మిన్ వల్ల రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణాలు పోయాయి. ఆ మందును అమెరికా 1970వ దశకంలోనే తీసేసింది. అనుమతి ఆలస్యం కావడం వెనుక ఆ భయముంది. ఇప్పుడు మెట్‌ఫార్మిన్‌ను కోట్లాది మంది వాడుతున్నారు. షుగరున్న వారికి ఇది నమ్మకమైన మందు. ఇందులో మాకు సందేహం లేదు.

షుగరు అంచున ఉన్నవారి సంగతేమిటి? అమెరికాలో 3,234 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. మెట్‌ఫార్మిన్ వాడినవారిలో షుగరు రావడం 31 శాతం తగ్గింది. వారానికి 150 నిమిషాల వ్యాయామం చేసి, బరువు తగ్గించుకున్న వారిలో 58 శాతం తగ్గింది. అరవై దాటినవారిలో గోలీ ప్రభావం చాలా స్వల్పం, నడక ప్రభావం మరింత ఎక్కువ. మన దేశంలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందిపై జరిపిన పరిశోధన 2006లో అచ్చయింది. అందులో ఆహారం, నడక వల్ల 28.5 శాతం, గోలీ వల్ల 26.4 శాతం ముప్పు తగ్గింది. రెండూ కలిపినా అదనపు లాభం కనిపించలేదు. అంటే నడిచే మనిషికి గోలీ కొత్తగా ఇచ్చింది ఏమీ లేదన్నమాట.

ఇక ఆయుష్షు మాట. షుగరుండి ఈ మందు వాడేవారు షుగరు లేనివారికన్నా ఎక్కువకాలం బతికారని 2014లో బ్రిటన్ నుంచి ఒక నివేదిక వచ్చింది. ఆశలు అక్కడే చిగురించాయి. 2022లో డెన్మార్క్ లెక్కలు తీసి చూస్తే అటువంటి లాభం కనబడలేదు. 2024లో కోతులపై మంచి ఫలితాలు కనిపించాయి, కానీ కోతి కోతే, మనిషి మనిషే. షుగరు లేని వృద్ధులపై పెద్ద పరీక్ష జరపాలని అమెరికాలో నిర్ బార్జిలాయ్ అనే శాస్త్రజ్ఞుడు ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు. దాని ఫలితమేదీ ఇంకా మన చేతికి రాలేదు. పైగా వ్యాయామం చేసే వృద్ధులకు ఈ గోలీ ఇస్తే వ్యాయామపు లాభం కొంత తగ్గిందని 2019లో ఒక పరిశోధన తేల్చింది. ఉన్న లాభాన్ని పోగొట్టుకుని లేని లాభం కోసం ఎదురుచూడడం ఏం తెలివి?

మన జిల్లాలకు మరో ప్రత్యేక కారణం ఉంది. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము, మోకాళ్లు వంగిపోయిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. మహబూబ్‌నగర్ నుంచి వలస పోయి మట్టి తవ్వి, రాళ్లు మోసినవారి ఒళ్లు కూడా అరిగిపోయాయి. నొప్పికి గోలీ వేసుకోనిదే వీరిలో చాలామందికి పొద్దు గడవదు. నొప్పి గోలీలు ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి. మెట్‌ఫార్మిన్ ఒంట్లోంచి బయటికి పోయేది ఆ కిడ్నీల గుండానే. అవి బాగా పాడైతే మందు ఒంట్లో పేరుకుని ప్రమాదం తెస్తుంది. కాబట్టి క్రియాటినిన్ పరీక్ష లేకుండా ఈ గోలీ మొదలుపెట్టకూడదు. ఏళ్లుగా వాడేవారు బి12 విటమిన్ కూడా చూపించుకోవాలి. అది తగ్గితే అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, ఆ తిమ్మిరిని షుగరు ఖాతాలో వేసి ఊరుకుంటారు.

అయితే ఇది చదివి షుగరున్నవారు గోలీ మానేయకండి. ఈ గోలీయే కిడ్నీలు పాడుచేస్తుందన్నది అపోహ. కిడ్నీలను దెబ్బతీసేది అదుపు తప్పిన షుగరు. అవసరం ఉన్న పేదవాడు డబ్బుల్లేకనో, భయంతోనో గోలీ మానేయడం, అవసరం లేని కలవాడు యవ్వనం కోసం మింగడం, ఇదీ నేటి విచిత్రం. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఈ మందు ఉచితంగా ఇస్తారు. అడిగి తీసుకోవడంలో నామోషీ లేదు.

నెలసరి సరిగా రాని ఆడపిల్లలకు కూడా డాక్టర్లు కొన్నిసార్లు ఇదే గోలీ రాస్తారు. అంతమాత్రాన ఆ పిల్లకు షుగరు ఉన్నట్లు కాదు. షీటు మీద పేరు చూసి కుదిరిన సంబంధాన్ని వెనక్కి తీసుకోవడం అన్యాయం. ఆ భయంతో తల్లి మందు దాచిపెట్టడం బిడ్డకు చేసే కీడు.

రంజాన్‌లో జాగ్రత్త మరీ అవసరం. ఈ గోలీ ఒక్కటే వాడేవారికి చక్కెర మరీ పడిపోవడం అరుదు. ఇతర మందులో, ఇన్సులినో కలిసి ఉంటే ప్రమాదం ఉంది. ఇఫ్తార్‌కు ఎంత, సహర్‌కు ఎంత అన్నది నెల ముందే డాక్టరును అడిగి తెలుసుకోవాలి. రోగికి ధర్మమే సడలింపు ఇచ్చింది. దాన్ని వాడుకోవడం ఈమాన్‌కు లోటు కాదు. రోజంతా ఉపవాసముండి ఇఫ్తార్‌లో షర్బత్, సమోసాలతో పొట్ట నింపేస్తే ఏ గోలీ కాపాడుతుంది?

చివరిగా ఒక మాట. హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ పౌష్టికాహారం ఇచ్చిన ఊళ్లనూ, ఇవ్వని ఊళ్లనూ ఏళ్ల తర్వాత పోల్చి చూశారు. 2008లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, ఆహారం అందిన ఊళ్ల పిల్లల్లో యుక్తవయసు నాటికి ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువగా ఉంది. ఆరోగ్యంగా ముసలితనానికి చేరే దారి తల్లి కడుపులోనే మొదలవుతుందని దీని అర్థం. కోడలికి కడుపునిండా మంచి తిండి, పిల్లలకు అంగన్‌వాడీ, ఇంటిల్లిపాదికీ రోజూ నడక, ముప్పై దాటినవారికి ఏటా షుగరు పరీక్ష. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది. ఆయన అమానత్‌గా ఇచ్చిన ఒంటిని చూసుకునే బాధ్యత మాత్రం మనదే.