ఆన్‌లైన్‌లో ఇంటి సామాను: ధర చూశాం, బాధ్యత చూశామా?

ఒకప్పుడు ఇల్లు కట్టుకునే కుటుంబం మేస్త్రీనో ప్లంబరునో వెంటబెట్టుకుని బజారుకు వెళ్ళి, కుళాయి తిప్పి చూసి, సింకు మీద వేలితో కొట్టి చూసి బేరమాడేది. ఇప్పుడు వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లోని ఎన్నో ఇళ్ళలో ఆ పని ఫోన్ మీదే అయిపోతోంది. గీజరు, కమోడ్, షవర్, సీలింగ్ ఫ్యాన్, వంటగది చిమ్నీ, చివరికి సోఫాలూ మంచాలూ కూడా పెట్టెల్లో గుమ్మం ముందుకు వస్తున్నాయి. ఇందులో తప్పు లేదు. రకాలు ఎక్కువ, ధరలు పోల్చుకునే వీలుంది, పెద్దవాళ్ళకు ఎండలో తిరిగే శ్రమ తప్పుతుంది.

అయితే చెప్పులు కొన్నట్టే గీజరునూ కొనవచ్చనుకోవడం దగ్గర చిక్కు వస్తోంది. చెప్పులు సరిపోకపోతే తిరిగి పంపేస్తాం. గోడ పగలగొట్టి బిగించిన కుళాయి లోపల కారుతుంటే ప్లంబరు కూలి, పగిలిన టైలు, గోడకు పట్టిన చెమ్మ, వీటిలో ఏదీ ఫోన్‌లో కనిపించిన ధరలో ఉండదు. స్నానాల గదిలో కరెంటుతో పనిచేసే గీజరు విషయంలోనైతే ఇది డబ్బుతో పోయేది కాదు, ప్రాణాలకు సంబంధించిన సంగతి.

ఈ భయం ఊహ కాదని 2025 మార్చిలో తేలింది. ఆ నెల 19న భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, అధికారులు ఢిల్లీలోని అమెజాన్ గోదాములో పదిహేను గంటలకు పైగా సోదా చేశారు. ఐఎస్ఐ గుర్తు లేనివీ, నకిలీ గుర్తు వేసినవీ కలిపి 3,500కు పైగా వస్తువులు పట్టుబడ్డాయి. వాటి విలువ సుమారు 70 లక్షల రూపాయలు. వాటిలో గీజర్లు, మిక్సీలు ఉన్నాయి. అదే నెలలో మన హైదరాబాద్ శివారు శంషాబాద్ ప్రాంతంలోని గోదాములోనూ సోదా జరిగింది. అక్కడా గీజర్లు, సీలింగ్ ఫ్యాన్లు, కుక్కర్లతో సహా రెండున్నర వేలకు పైగా వస్తువులను స్వాధీనం చేసుకున్నారు. పేరున్న వెబ్‌సైటులో ఉంది కాబట్టి సరుకు మంచిదే అయి ఉంటుందనే నమ్మకానికి ఇది పెద్ద హెచ్చరిక.

అంత పెద్ద సంస్థల గోదాముల్లో అలాంటి సరుకు ఎలా చేరుతుంది? ఈ వ్యాపారం నడిచే తీరు అర్థమైతే సమాధానం దొరుకుతుంది. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్‌లు మన దేశ నిబంధనల ప్రకారం సొంత సరుకు అమ్మకూడదు. అవి అంగడి చోటు మాత్రమే ఇస్తాయి. అమ్మేవారు వేలమంది వేరే వ్యాపారులు. ఫోటో పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఆ అమ్మకందారు పేరును మనలో ఎంతమంది చదువుతాం? సరుకు బాగున్నంతకాలం ఆ పేరుతో పనిలేదు. పాడైన రోజున మాత్రం 'మేం మధ్యవర్తులం, అమ్మకందారును అడగండి' అని వెబ్‌సైటు, 'కంపెనీని అడగండి' అని అమ్మకందారు, 'మా అధీకృత డీలరు దగ్గర కొనలేదు కదా' అని కంపెనీ అనడం మొదలవుతుంది.

ఈ వాదన ప్రతిసారీ చెల్లదని కూడా తెలుసుకోవాలి. ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్ల అమ్మకానికి చోటిచ్చినందుకు 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. అమ్ముడైన 2,265 కుక్కర్ల గురించి కొన్నవారికి తెలియజేసి, వాటిని వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగివ్వమని ఆదేశించింది. అదే నెలలో ఫ్లిప్‌కార్ట్ మీద 598 కుక్కర్ల విషయంలో అలాంటి ఆదేశమే వచ్చింది. ప్రతి అమ్మకం మీదా రుసుము తీసుకుంటూ, చిక్కు వచ్చినప్పుడు పక్కకు తప్పుకోవడం కుదరదన్నది అందులోని సారాంశం.

చట్టం మన చేతిలో పెట్టినది తక్కువేమీ కాదు. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు వివరాలు, వస్తువు తయారైన దేశం, వారంటీ, వాపసు షరతులు కొనుగోలుదారుకు కనిపించాలి. ప్రతి సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. లోపమున్న సరుకును, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. కాబట్టి కాల్ సెంటరులో మాట్లాడిన వ్యక్తి 'గడువు దాటింది' అన్నంత మాత్రాన దారి మూసుకుపోయినట్టు కాదు.

అప్పటికీ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మిన కంపెనీ బెంగళూరులో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా, వరంగల్‌లో నివసించేవారు ఇక్కడి కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం తెచ్చిన పెద్ద మేలు ఇది. 5 లక్షల రూపాయల వరకు విలువైన కొనుగోళ్ళకు ఫీజు లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిర్బంధం లేదు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళ గడువు ఉంటుంది.

మన సంఘాల్లో తరచు కనిపించే మరో పరిస్థితి ఉంది. కొడుకో కూతురో అమెరికాలో ఉంటారు. అమ్మానాన్నల కోసం అక్కడి నుంచే గీజరో వాషింగ్ మెషీనో ఆర్డరు పెడతారు. ప్రేమతో చేసే పని అది. కానీ ఖాతా అబ్బాయిది, ఓటీపీ అతని ఫోన్‌కు వెళుతుంది, మెకానిక్ వచ్చే వేళకు అక్కడ అర్ధరాత్రి. పెద్దవాళ్ళకు బిల్లు ఎక్కడుందో తెలియదు. ఈలోగా వాపసు గడువు దాటిపోతుంది. వస్తువు కొన్నవారే కాదు, వారి సమ్మతితో దాన్ని వాడుకునేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. అంటే ఇక్కడి తల్లిదండ్రులకు కూడా ఫిర్యాదు చేసే హక్కుంది. ఆర్డరు పెట్టిన రోజే బిల్లును తల్లిదండ్రుల ఫోన్‌కు పంపడం, డెలివరీకి స్థానిక నంబరు ఇవ్వడం బిడ్డలు చేయవలసిన చిన్న పని.

ధర విషయంలోనూ కొంత లెక్క చూడాలి. వడ్డీ లేని వాయిదాలు అని రాసినంత మాత్రాన వడ్డీ లేనట్టు కాదు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, దాన్ని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచిపెడుతున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. వడ్డీ మేరకు అమ్మకందారు తగ్గింపు ఇచ్చినా, ఆ వడ్డీ మీద జీఎస్టీ, బ్యాంకు ఫీజు మన మీదే పడతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలు, పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అది మన వీధి దుకాణానికీ వర్తిస్తుంది, ఆన్‌లైన్‌కు ప్రత్యేకం కాదు. 'ఇంకా రెండే మిగిలాయి' అని తొందరపెట్టడం, మనం అడగని వస్తువును బుట్టలో చేర్చడం, చివరి మెట్టులో కొత్త రుసుములు బయటపెట్టడం వంటి 13 రకాల మాయలను 2023 నవంబరు మార్గదర్శకాలు నిషేధించాయి. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్కచూసుకోవాలని ప్రభువు చెప్పిన మాట మనకు కొత్త కాదు. ఆ లెక్కలో బిగించే కూలి, మరమ్మతు, సర్వీసు కూడా చేరాలి.

కొనేముందు చూడవలసినవి కొన్నే. కమోడ్ అయితే మురుగు నేలలోకి దిగే రకమా, గోడలోకి పోయే రకమా, గోడ నుంచి గొట్టం మధ్యకు ఎంత దూరమో ప్లంబరుతో కొలిపించాలి. గీజరు అయితే మన బోరు నీళ్ళలోని ఉప్పుకు, సున్నానికి దాని ట్యాంకు ఆగుతుందా అని అడగాలి. కంపెనీ సర్వీసు సెంటరు వరంగల్‌లో ఉందా, హైదరాబాద్ నుంచి రావాలా తెలుసుకోవాలి. పెట్టె విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయాలి. ఐఎస్ఐ గుర్తుతోపాటు ఉండే సీఎం/ఎల్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్సు నిజమైనదో కాదో తెలుస్తుంది. ఇవన్నీ గోడకు బిగించే ముందే జరగాలి. కస్టమర్ కేర్ నంబరును ఇంటర్నెట్‌లో వెతకవద్దు, బిల్లు మీదో యాప్‌లోనో ఉన్నదే వాడాలి. డబ్బు తిరిగి రావడానికి యూపీఐ పిన్ అడిగారంటే అది మోసమే. వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఇదంతా చదివి వీధి దుకాణమే మేలు అనుకుంటే అదీ సగం నిజమే. తెలిసిన దుకాణదారు పాడైన కుళాయిని మారుమాట లేకుండా మార్చి ఇవ్వవచ్చు. కానీ బిల్లు లేకుండా తక్కువకు ఇస్తానంటే ఒప్పుకున్నామంటే, అక్కడా మన హక్కును మనమే వదులుకున్నట్టు. పన్ను ఎగవేతలో పాలుపంచుకోవడం విశ్వాసికి తగదు కూడా. ఎక్కడ కొన్నా బిల్లే మన సాక్షి.

సంఘం కోసం కొనేవారికి ఈ బాధ్యత రెండింతలు. మైకులు, స్పీకర్లు, ఫ్యాన్లు, ఇన్వర్టర్లు కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే వస్తున్నాయి. అవి విధవరాళ్ళ, కూలివారి కానుకల డబ్బుతో కొన్నవి. ఎవరో ఒకరి సొంత ఖాతాలో ఆర్డరు పెట్టి, బిల్లు అక్కడే వదిలేయడం మంచి పద్ధతి కాదు. బిల్లు సంఘం పేరున ఉండాలి, పెట్టె ఇద్దరు ముగ్గురి ముందు తెరవాలి, సీరియల్ నంబరు, వారంటీ తేదీ రిజిస్టరులో రాయాలి.

చివరిగా ఒక్క మాట. మనలో చాలామంది నష్టపోయినా 'పోనీలెండి' అని ఊరుకుంటారు. గొడవ పడటం సాక్ష్యానికి మంచిది కాదనుకుంటారు. మనకు జరిగిన నష్టాన్ని క్షమించవచ్చు. కానీ లోపమున్న గీజరు మరో ఇంటి స్నానాల గదికి చేరుతుందని తెలిసీ నోరు మెదపకపోవడం క్షమాపణ కాదు. బీఐఎస్ కేర్‌లోనో 1915లోనో మీరు నమోదు చేసే ఫిర్యాదు మీ డబ్బు కోసమే కాదు, మీకు ముఖపరిచయం లేని పొరుగువాడి కోసం కూడా. మీ సంఘంలోని యౌవనస్థులు ఒక ఆదివారం ఆరాధన తర్వాత పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఆ యాప్ పెట్టి, ఆ నంబర్లు ఫోన్‌లో రాసి ఇస్తే, ఆ అరగంట ఎంతో మేలు చేస్తుంది.