పర్దాలు లేని సాజ్

సితార్ మెడ మీద అడ్డంగా కట్టే లోహపు కడ్డీల్ని ఉర్దూలో పర్దాలంటారు. వీణ మీద ఉండేవాటిని తెలుగులో మెట్లంటారు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాలాంటివాడికి ఈ రెండు మాటలూ పక్కపక్కన కనబడితే సరదాగా ఉంటుంది. చీజ్ ఒకటే. ఒక జబాన్‌లో ఎక్కే మెట్టు, ఇంకో జబాన్‌లో కప్పే తెర. గిటార్ వాళ్లు దాన్నే ఫ్రెట్ అంటారు. ఫ్రెట్ ఉన్న గిటార్ మీద వేలు కాస్త వెనక్కి పడినా స్వరం దాని చోటనే పలుకుతుంది. తీగ ఎక్కడ ఆగాలో కడ్డీ చూసుకుంటుంది. ఆ లెక్కన ఉర్దూ మాటే నాకు ఎక్కువ సహీ అనిపిస్తుంది. వేలి ఐబుని కప్పి పెడుతుంది గదా.

ఆ పర్దాలు తీసేసిన బేస్ గిటార్‌ని ఫ్రెట్‌లెస్ బేస్ అంటారు. మా ఖాందాన్‌లో ఇప్పుడు రెండున్నాయి. ఒకటి నాది. పేపర్ ఆఫీసులో డెస్క్ పని అయ్యాక, రాత్రి పన్నెండు దాటాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగేళ్లుగా రియాజ్ చేస్తున్నా. రెండోది మా ఆపా కొడుకుది. వాడికి ఇరవై ఏళ్లు. షాదీల్లో పాడే ఆర్కెస్ట్రాలో మామూలు బేస్ వాయించి, పైసా పైసా జమ చేసి, సెకండ్ హ్యాండ్‌లో ఈ ఫ్రెట్‌లెస్ కొన్నాడు. కొన్న ఎనిమిది నెలలకి ఎడమ మణికట్టు వాచింది. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నాడు. డాక్టరు ఆరు వారాలు దాన్ని ముట్టుకోవద్దన్నాడు. ఆపా ఏకంగా అమ్మేయమంటోంది. ‘బతుకుతెరువు చేతుల మీద ఉన్నవాడికి ఈ షైతాన్ డబ్బా ఎందుకురా’ అని ఆమె మాట.

ఆపా ఫికర్ సహీ. నిర్ణయం గలత్. పాడుచేసింది ఆ సాజ్ కాదు, వాడికి దొరికిన తాలీమ్. మనిళ్లలో గిటార్ పట్టుకున్న పిల్లలు పెరుగుతున్నారు, ఫోన్‌లో చూసి ఫ్రెట్‌లెస్ కావాలని అడిగేవాళ్లూ పెరుగుతున్నారు గనక ఈ బహస్ బయట పెడుతున్నా. సంగీతం జాయిజా నాజాయిజా అన్న పెద్ద బహస్ ఇక్కడ పెట్టను. అది ఇంటింటికీ ఉంది, ఉంటుంది. నేను రాస్తున్నది ఇప్పటికే సాజ్ చేతిలో ఉన్న పిల్లల సంగతి.

వాడు వెళ్లిన క్లాసులో చెప్పింది మూడు మాటలు. మెడ మీద ఫ్రెట్లు ఉండాల్సిన చోట స్టిక్కర్లు అంటించుకో. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని పచ్చ లైటు వెలిగేదాకా వేలు జరుపు. నాలుగు వేళ్లూ నాలుగు గడుల మీద పరిచి స్కేళ్లు జోరుగా వాయించు. మూడూ కంటితో చేసే పనులే. ఈ సాజ్ కాన్‌తో నేర్చుకోవలసింది. నా గొడవంతా ఇక్కడే ఉంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. బేస్ అంటే ఒకప్పుడు నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్. దానికి మామూలుగా ఫ్రెట్లుండవు. 1951లో లియో ఫెండర్ గిటార్‌లా అడ్డంగా పట్టుకునే ఎలక్ట్రిక్ బేస్ తెచ్చి దానికి ప్రెసిషన్ అని పేరు పెట్టాడు. ప్రెసిషన్ అంటే కచ్చితత్వం. ఫ్రెట్లు ఉన్నాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. 1961లో బిల్ వైమన్ అనే ఆయన, తర్వాత రోలింగ్ స్టోన్స్‌లో వాయించాడు, తన చవక బేస్‌కి ఫ్రెట్లు పీకేసుకున్నాడు. 1966లో ఆంపెగ్ కంపెనీ ఫ్రెట్లు లేని బేస్‌ని అమ్మకానికి పెట్టింది. 1970కి ఫెండర్ కంపెనీ కూడా ఫ్రెట్లు లేని ప్రెసిషన్ అమ్మింది. పేరు మాత్రం మార్చలేదు. అంటే కచ్చితత్వం బాధ్యత కడ్డీ మీంచి వాయించేవాడి మీదికి వచ్చిందన్నమాట. ఈ లతీఫా నాకు చాలా ఇష్టం.

తర్వాత జాకో పాస్టోరియస్ వచ్చాడు. 1976లో ఆయన మొదటి ఆల్బమ్. 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్‌కి ఫ్రెట్లు తీసేసి, ఆ గాడులు పూడ్చి, మెడ మీద పడవలకి పూసే ఎపాక్సీ పూత పూశాడు. 35 ఏళ్లకే, 1987లో పోయాడు. ఇప్పుడు ఫ్రెట్‌లెస్ అడిగే పిల్లలందరి వెనకా ఎక్కడో ఆయనుంటాడు. ఒక సంగతి: పూడ్చిన గాడుల వల్ల ఆయన బేస్ మీద గీతలు కనబడుతూనే ఉండేవి. కాబట్టి గీతలుండటం ఐబ్ అని నేననను. వాటిని చూస్తూ వాయించడం ఐబ్.

ఎందుకో లెక్క చెప్తాను. మామూలు బేస్ తీగ పొడవు 34 అంగుళాలు. మెడ మొదట్లో ఒక గడి దాదాపు 48 మిల్లీమీటర్లు. పన్నెండో గడి దాటాక అదే గడి 24 మిల్లీమీటర్లే. కింద మిల్లీమీటరు తేడా వస్తే ఎవరూ పట్టుకోరు. పైకి వెళ్లేకొద్దీ అదే మిల్లీమీటరు రెట్టింపు తప్పవుతుంది. ఇంకో చిక్కుంది. మామూలు బేస్ మీద వేలు ఫ్రెట్‌కి కాస్త వెనక పెడతాం. ఫ్రెట్‌లెస్ మీద వేలు సరిగ్గా గీత మీదే పడాలి. అలవాటుకొద్దీ గీతకి వెనక పెట్టేవాడు రోజంతా తక్కువ సుర్‌లోనే వాయిస్తాడు. వాడికి తెలియదు, వినేవాళ్లకి మాత్రం ఏదో తేడా అనిపిస్తుంది.

గీతలు కనబడాలంటే ఏం చేస్తారు? మెడ పలకని తమ ముఖం వైపు తిప్పుకుంటారు, వంగి చూస్తారు. పలక పైకి తిరిగిందంటే కింద నుంచి వచ్చే ఎడమ మణికట్టు ఇంకా మడత పడాలి. మా వాడి మణికట్టు వాచింది అక్కడే. పై నుంచి వాలుగా చూస్తే గీత ఉన్న చోట కనబడదు కూడా. చెయ్యీ పాడు, సురూ పాడు.

ఇక ట్యూనర్ యాప్. ఈ యాప్ కీబోర్డు లెక్క ప్రకారం స్వరాల్ని చూపిస్తుంది. తంబూరా పెట్టుకుని, దాని సా కింద మోగుతుండగా అంతర గాంధారం వెతకండి. మనసుకి చల్లగా తగిలే చోట వేలు ఆపి, అప్పుడు యాప్ చూడండి. ఎర్ర లైటు. తంబూరాతో కలిసే గాంధారం కీబోర్డు గాంధారం కంటే కొంచెం కిందుంటుంది. బేస్ తీగ మీద ఆ తేడా సుమారు అయిదున్నర మిల్లీమీటర్లు. అంటే వేలి వెడల్పులో సగం దాకా. ఏది సహీ? కీబోర్డు పక్కన వాయిస్తే కీబోర్డుది, తంబూరా మీద వాయిస్తే తంబూరాది. ఆ ఫైసలా యాప్ చేయలేదు. స్టిక్కర్ అసలే చేయలేదు.

ఇది కొత్త ఝగడా కూడా కాదు. పాతరోజుల్లో ఊద్ మెడకి కట్టు తీగలుండేవి. వాటిని దసాతీన్ అన్నారు. మాట ఫార్సీ ‘దస్త్’ నుంచి, అంటే చెయ్యి. వేలు ఎక్కడ పడాలో చెప్పే కట్లు. హారూన్ రషీద్ కాలపు బగ్దాద్‌లో జల్‌జల్ అనే ఉస్తాద్ మధ్య వేలికి తనదైన చోటు ఒకటి పెట్టుకున్నాడు. చిన్న గాంధారానికీ పెద్ద గాంధారానికీ మధ్యలో. సుమారు నూట యాభై ఏళ్ల తర్వాత కూడా ఫారాబీ తన సంగీత గ్రంథంలో ‘జల్‌జల్ మధ్య వేలు’ అని దాన్ని లెక్కగట్టాడు. ఇవాళ ఊద్ మీద ఆ కట్లేవీ లేవు. సరోద్ మీదా లేవు. సారంగీ మీద అసలు గీతలే లేవు. చిత్రతో కలిసి పాడిన గొంతుగా చాలామందికి గుర్తున్న ఉస్తాద్ సుల్తాన్ ఖాన్ అసలు సారంగీ కళాకారుడు. సారంగీ వాళ్లు గోటి మొదలు ఆనించి తీగ నొక్కుతారు. చిన్నప్పుడే ముందు పాడిస్తారు, తర్వాత కమాన్ చేతికిస్తారు. స్వరం గొంతులో కుదిరితే వేలు దాన్ని వెతుక్కుంటుంది.

నాకు ఈ సాజ్ నేర్పింది మా ఊరి వయొలిన్ మాస్టారు. ఆయన బేస్ గిటార్‌ని ఎప్పుడూ ముట్టుకోలేదు. కళ్లు మూసుకుని కూర్చుని ‘కింద’, ‘పైన’, ‘ఆఁ’ అనేవారు. అంతే పాఠం. మొదటి రెండు నెలలు సా, పా, పై సా, ఈ మూడు తప్ప ఏమీ లేవు. సా తంబూరాకి ఎ పెట్టించారు. ఎందుకంటే బేస్ మీద ఎ తీగ విడిగా మోగుతుంది, సాక్షి ఇంట్లోనే ఉంటుంది. ఇ తీగ మీద అయిదో చోట అదే స్వరం దొరకాలి. జి తీగ మీద రెండో చోట దాని పై సా. రెండు స్వరాలు దగ్గరగా ఉండి కలవకపోతే నాదంలో ఒక ఊగు వస్తుంది, గాలికి పరదా ఊగినట్టు. 110 దగ్గర మోగాల్సింది 112 దగ్గర మోగితే సెకనుకి రెండు ఊగులు. వేలు దొర్లించే కొద్దీ ఊగు నిదానిస్తుంది, ఆగిపోతుంది. అప్పుడు మాస్టారు ‘ఆఁ’ అనేవారు. చెవిటివాడికి తప్ప ఎవరికైనా ఇది వినపడుతుంది. ‘మావాడికి చెవి లేదు’ అనే తల్లిదండ్రులతో నేను ఒప్పుకోను.

చేతి సంగతి. క్లాసులో చెప్పినట్టు మెడ మొదట్లో నాలుగు వేళ్లు నాలుగు చోట్ల పరిస్తే చూపుడు వేలికీ చిటికెన వేలికీ మధ్య 13 సెంటీమీటర్లు సాగాలి. ఫ్రెట్లున్న బేస్ మీద వేలు కాస్త అటూ ఇటూ పడినా నడుస్తుంది గనక అంత సాగదీయక్కర్లేదు. ఇక్కడ ప్రతి వేలూ కచ్చితంగా పడాలి. అంత సాగదీసి, దాన్ని జోరుగా, గంటల తరబడి చేస్తే నరాలు ఊరుకుంటాయా? డబుల్ బేస్ వాళ్లు ఈ మసలా ఎప్పుడో తేల్చారు. 19వ శతాబ్దంలో వియన్నాలో ఫ్రాంజ్ సిమాండ్ల్ అనే ఉస్తాద్ రాసిన పద్ధతిని ఇవాళ్టికీ నేర్పుతున్నారు. మొదటి వేలు, రెండో వేలు, చిటికెన వేలు. ఉంగరపు వేలు చిటికెన వేలికి తోడుగా ఉంటుంది. మూడు చోట్లే. సాగేది తొమ్మిది సెంటీమీటర్లలోపు. నాలుగో స్వరం కావాలంటే వేలు సాగదు, మొత్తం చెయ్యే జరుగుతుంది. మెడ పైభాగంలో గడులు చిన్నవవుతాయి, అక్కడ నాలుగు వేళ్లూ వాడుకోవచ్చు.

మిగతాది సబర్ ఉన్నవాళ్లకి తేలికే. మణికట్టు తిన్నగా. బొటనవేలు మెడ వెనక, మధ్య వేలికి ఎదురుగా, పట్టు బిగించకుండా. నొక్కే బలం చేతి బరువు నుంచి రావాలి. పట్టీ పొట్టి చేసి బేస్‌ని ఛాతీ కింద దాకా ఎత్తుకోవాలి. స్టేజి మీద తొడల దగ్గర వేలాడదీసుకునే ఫ్యాషన్ ఫొటోలకి. కుడిచేతితో మెల్లగా మీటితే చాలు. బ్రిడ్జి దగ్గరగా మీటితే ఫ్రెట్‌లెస్‌కే సొంతమైన ఆ ముక్కు గొంతు పలుకుతుంది. మీటని తీగలు వాటంతటవి మోగకుండా కుడి బొటనవేలు వాటి మీద ఆనించి ఉంచాలి.

వణికించడం మీద మాత్రం నాది గట్టి మాట. వేలు పడీ పడగానే ఊపేస్తారు పిల్లలు. తప్పు చోట పడిన వేలిని కప్పిపుచ్చడానికి అదొక పర్దా. ముందు స్వరం నిలకడగా మోగనివ్వాలి, సహీ అనిపించాక, కావాలనిపిస్తే, ఊపాలి. మీండ్ కూడా అంతే. జారడం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలిసి జారాలి. వెతుక్కుంటూ జారేది మీండ్ కాదు.

ఫ్రెట్లున్న బేస్ అయిదేళ్లు వాయించాకే ఫ్రెట్‌లెస్ పట్టుకోవాలంటారు కొందరు. వయొలిన్ నేర్చుకునే ఆరేళ్ల పిల్లకి ఎవరూ ముందు గిటార్ నేర్చుకుని రమ్మని చెప్పరు. రోటీ కోసం ఫ్రెట్లున్న బేస్ ఉంచుకోమనండి, మంచిదే. రెండూ కలిసి నడుస్తాయి.

ఆపాని నేను అడిగింది ఆరు నెలలు. డాక్టరు సరేనన్నాక రోజుకి పది నిమిషాలు, తర్వాత పదిహేను. స్టిక్కర్లు పీకేశాం, జిగురు పోవడానికి రెండు రోజులు పట్టింది. నొప్పి వచ్చిన క్షణం ఆపేయాలి, తిమ్మిరి తిరిగొస్తే మళ్లీ డాక్టరు దగ్గరికే. నొప్పిని మెహనత్ అనుకునే పిచ్చి మన కష్టజీవుల ఇళ్లలో ఎక్కువ. ఆపా అవుననలేదు, కాదనలేదు. కొంటానన్న కుర్రాడికి మాత్రం ఇంకా ఫోన్ చేయలేదు.

మీ పిల్లలు అడిగితే, కొనేముందు రెండు చూడండి. మెడ అంచున పక్క చుక్కలు ఎక్కడున్నాయో అడగండి. కొన్నిటిలో సరిగ్గా స్వరం చోట ఉంటాయి, కొన్నిటిలో మామూలు గిటార్‌లా గడుల మధ్యలో. రెండో రకం కొత్తవాడిని నెలల తరబడి తప్పు దారి పట్టిస్తుంది. తీగలు గరుకుగా చుట్టినవైతే పూత లేని చెక్క పలకని అరగదీస్తాయి. మొదటి ఏడాదికి చదునైన రేకు చుట్టినవి వేయించండి. మీటినప్పుడు కాస్త మందంగా పలుకుతాయి, ఫర్వాలేదు.

ఆర్కెస్ట్రాలో ఎవరైనా కీబోర్డు వాయించే భాయ్ ఉంటే పిల్లాణ్ని ఆయన పక్కన కూర్చోబెట్టండి, ఒక్కో స్వరం పట్టి ఉంచమనండి. తంబూరా దగ్గర దొరికిన గాంధారం అక్కడ సరిపోదు. వేలు అయిదున్నర మిల్లీమీటర్లు జరగాలి. మావాడు మొన్న ఆ తేడా కళ్లు మూసుకునే పట్టుకున్నాడు.