సూది మానిన తరువాత

ఈ వారం లేఖ రాజధాని నుంచి కాదు, పుదుచ్చేరి పట్టణం నుంచి. సొంత పని మీద వచ్చి నాలుగు రోజులుగా ఇక్కడ ఉన్నాను. సముద్రతీరాన గూబెర్ అవెన్యూలోకి సాయంకాలం ఆరు గంటలనుంచి మరునాటి ఉదయం ఏడున్నర దాకా వాహనాలను రానివ్వరు. ఆ వేళల్లో పట్టణంలో సగం జనం అక్కడే ఉన్నారేమో అనిపించేటంతగా నడిచేవారు కనిపిస్తారు. ఇంతగా నడిచే ఊరిలో స్థూలకాయులు తక్కువగా ఉండాలని ఎవరికైనా తోస్తుంది. లెక్కలు మరొక విధంగా ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన 2008 నుంచి 2020 దాకా దేశమంతటా లక్షా పదమూడు వేలమందిని పరీక్షించి, 2023లో ప్రకటించిన అధ్యయనంలో స్థూలకాయం విషయమై ప్రథమ స్థానం ఈ కేంద్రపాలిత ప్రాంతానికే దక్కింది. వయోజనులలో 53.3 శాతం స్థూలకాయులు. నడుము చుట్టుకొలతను బట్టి చూస్తే 61.2 శాతం. దేశ సగటు మొదటిదానిలో 28.6, రెండవదానిలో 39.5 మాత్రమే. మధుమేహంలోనూ 26.3 శాతంతో గోవా తరువాతి స్థానం పుదుచ్చేరిదే.

ఈ లెక్కలో మన యానాం కూడా ఉన్నదని పాఠకులు ఎరుగుదురు. గోదావరి పాయ ఒడ్డున ముప్ఫై చదరపు కిలోమీటర్ల తెలుగు నేలకు పాలన ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరాన ఉన్న ఈ తమిళ పట్టణం నుంచి జరుగుతున్నది. తక్కిన తెలుగువారు ఇది తమకు పట్టని గొడవ అనుకోవడానికి కూడా వీలు లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతం, పురుషులలో 31.1 శాతం ఉండవలసిన బరువుకంటె ఎక్కువ ఉన్నారు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చిన రోజుల్లో మన రాజకీయాలలో కడుపుకు సంబంధించిన ప్రశ్న ఒక్కటే: అది నిండుతుందా, లేదా? ఆ ప్రశ్న ఇంకా పూర్తిగా తీరకముందే దాని పక్కన రెండవ ప్రశ్న వచ్చి కూర్చున్నది.

రెండవ ప్రశ్నకు జవాబుగా మందు వచ్చింది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో ప్రవేశించాయి. రెండూ వారానికొకసారి పొడుచుకునే ఇంజెక్షన్లు. అన్నం తిన్నప్పుడు పేగులలో ఊరే ఒక హార్మోన్‌ను పోలిన పదార్థం (మౌంజారోలో అటువంటివి రెండింటి గుణం కలిసి ఉన్నది) ఆకలిని మెదడులోనే మందగింపజేస్తుంది, కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది. వెగోవీ ప్రారంభ మోతాదుకు మొదట నెలకు 17,345 రూపాయలు ధర పెట్టి, అదే సంవత్సరం నవంబరులో 10,850కి తగ్గించారు. అందులోని సెమాగ్లూటైడ్‌పై మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి వరకే. హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ ఆ మందును ఎగుమతికోసం తయారుచేసుకోవడానికి ఢిల్లీ హైకోర్టు 2025 డిసెంబరులోనే అడ్డు చెప్పలేదు. 1970 పేటెంట్ల చట్టం వల్ల మన మందుల పరిశ్రమ ఎలా నిలదొక్కుకున్నదో, 2005 సవరణ దాని చేతులు ఎంతవరకు కట్టిందో ఈ శీర్షికలో లోగడ చర్చించుకున్నాము. మందు చవక కావడం మంచిదే. నా అభ్యంతరం చవకదనం మీద కాదు. ఢిల్లీలో ఈ మందు గురించి జరుగుతున్న సంభాషణ యావత్తూ ధరతో మొదలై ధరతో ముగుస్తున్నది. మందు మానిన తరువాత మనిషి ఏమవుతాడన్న ప్రశ్న ఎవరి నోటా వినిపించడం లేదు.

ఆ ప్రశ్న నాకు తట్టించినవారు యానాం నుంచి వచ్చి ఇక్కడ ప్రభుత్వోద్యోగం చేసి విరమించిన ఒక పెద్దమనిషి. ఇంటి పేరు, ఊరి పేరు చెప్పుకున్న అయిదు నిమిషాలకే తన బరువు కథ ఎత్తుకున్నారు.

"ఆయ్, తగ్గానండి. ఏడు నెలల్లో పదమూడు కిలోలు తగ్గానండి. మా ఆవిడ చొక్కాలన్నీ టైలరు దగ్గరికి పంపించి బిగింపించేసిందండి."

"మరి ఇప్పుడో?" అన్నాను.

"డబ్బు చాలక మానేశానండి. మానేసిన నెలకే ఆకలి వచ్చేసిందండి. అలాంటిలాంటి ఆకలి కాదండి బాబూ, పాత బాకీ వసూలుకొచ్చినట్టు వచ్చింది. తొమ్మిది కిలోలు తిరిగి వచ్చేశాయండి."

మందు రాసిన డాక్టరు మానేటప్పుడు ఏమి చెప్పారని అడిగాను. "మానేస్తానని ఆయనకి చెప్పలేదండి, సిగ్గేసింది" అన్నారు.

ఈ సిగ్గే నన్ను ఈ విషయం వ్రాయడానికి పురికొల్పింది. ఆయన చేసిన తప్పేమీ లేదు. ఆయనకు జరిగినది పరిశోధకులు ముందే కాగితం మీద పెట్టినది. సెమాగ్లూటైడ్ వాడి 68 వారాల్లో సగటున 17.3 శాతం బరువు తగ్గినవారికి మందూ, దానితో పాటు ఇచ్చే ఆహార వ్యాయామ సలహా కూడా ఆపివేసి చూడగా, ఏడాది తిరిగేసరికి పోయిన బరువులో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చింది. 2022లో ప్రచురితమైన ఫలితమిది. మౌంజారో మందు టిర్జెపటైడ్‌తో జరిగిన ప్రయోగం ఇంకా స్పష్టమైనది. 36 వారాలు అందరికీ ఇచ్చారు, సగటున 20.9 శాతం తగ్గారు. ఆపై సగం మందికి వారికి తెలియకుండా ఉత్త సూది ఇచ్చారు. మందు కొనసాగినవారు మరి 5.5 శాతం తగ్గారు; ఉత్త సూదివారు 14 శాతం పెరిగారు. ఒకే సలహా విన్నవారు, ఒకే రకం మనుషులు. దీనిని క్రమశిక్షణ లోపమని ఎవరనగలరు?

దేహానికి తన పాత బరువు జ్ఞాపకముంటుంది. తగ్గినవారిలో ఆకలి పెంచే హార్మోన్ హెచ్చుతుంది, కడుపు నిండిందని చెప్పేవి తగ్గుతాయి. ఇది ఏడాది తరువాత కూడా సర్దుకోలేదని 2011లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అప్పుడు ఈ సూదులు లేవు. ఉత్త పథ్యంతో తగ్గినవారి సంగతి అది. పైగా తగ్గే బరువంతా కొవ్వు కాదు, కొంత కండ కూడా కరిగిపోతుంది. వయసు మీరినవారికి ఈ నష్టం చిన్నది కాదు. రక్తపు పోటు మాత్ర మానితే పోటు తిరిగి పెరిగినందుకు రోగిని ఎవరూ నిందించరు. బరువు విషయం వచ్చేసరికి మాత్రం మన సంఘం వెంటనే నీతిశాస్త్రం తెరుస్తుంది.

సెంట్రల్ హాలులో సభ్యులూ విలేఖరులూ కాఫీ తాగుతూ కూర్చున్న కాలం పోయింది కానీ, కొత్త భవనం నడవాలలో కూడా కొన్ని కంటపడకపోవు. ఒక సమావేశంలో బెల్టుకు రెండు కొత్త కన్నాలు పొడిపించుకుని వచ్చి, మరుసటి సమావేశానికి పాత కన్నం దగ్గరికే చేరుకున్న గౌరవ సభ్యులను నేను ఎరుగుదును. రహస్యమేమిటని అడిగితే ఉదయపు నడక అంటారు. ఖర్చు భరించగలవారికే ఇది ఇలా ఉంటే, పింఛనుదారు ఏ నెల ఆపుతాడో ఊహించడానికి పెద్ద గణితం అక్కరలేదు. చవక మందుతో మొదలుపెట్టేవారు పెరుగుతారు. మధ్యలో మానేవారు కూడా పెరుగుతారు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం న్యాయం కాదు. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో వంటనూనె పది శాతం తగ్గించుకోండని పిలుపునిచ్చారు. దానికి కొద్ది రోజుల ముందు సభకు సమర్పించిన ఆర్థిక సర్వే, కర్మాగారాలలో తయారయ్యే తిండి వల్ల కలిగే చేటును గట్టిగానే హెచ్చరించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో జి.ఎస్.టి. మండలి బిస్కెట్లు, చాక్లెట్లు, పొట్లాల్లో అమ్మే కారప్పూస వంటి వాటిపై పన్నును 5 శాతానికి దించింది. శీతల పానీయాలకు 40 శాతం వేసిందన్న మాట నిజమే. అయినా సర్వే వ్రాసినవారూ పన్ను తగ్గించినవారూ ఒకే మంత్రిత్వ శాఖ నీడన కూర్చున్నారన్నది మరువరాదు.

చికిత్స వైపు చూస్తే వింత మరొకటి. ఆరోగ్య బీమా ప్రామాణిక నిబంధనల ప్రకారం స్థూలకాయానికి శస్త్రచికిత్సను కొన్ని షరతులతో అనుమతిస్తారు. శరీర ద్రవ్యరాశి సూచిక 40 ఉండాలి, లేదా 35 ఉండి తీవ్రమైన జబ్బులు తోడు కావాలి. ఆయుష్మాన్ భారత్ సాయం ఆసుపత్రిలో చేరినవారికే. ఇంటి దగ్గర వారం వారం పొడుచుకునే సూదికి, అది మానిన తరువాత కావలసిన పర్యవేక్షణకు ఆ పథకంలో చోటు లేదు. కోత కోయించుకుంటే సాయం, కోత దాకా పోకుండా ఆగుదామనుకుంటే సొంత ఖర్చు.

మానిన తరువాత నిలబడటం అసాధ్యమేమీ కాదు. కోపెన్‌హేగన్‌లో జరిగిన ప్రయోగమొకటి ఉన్నది. ఈ కోవకే చెందిన పాత మందు లిరాగ్లూటైడ్‌ను కొందరికి విడిగా, కొందరికి పర్యవేక్షణలో చేయించే వ్యాయామంతో కలిపి ఒక సంవత్సరం ఇచ్చారు. అన్నీ ఆపివేసిన మరుసటి ఏడాది చూస్తే, వ్యాయామం జోడైనవారు విడిగా మందు వాడినవారికంటె ఎంతో మెరుగుగా నిలబడ్డారు. ఇందులో గమనించదగినది 'పర్యవేక్షణ' అన్న మాట. డాక్టరుగారు చీటీ చివర "రోజూ నడవండి" అని వ్రాయడం పర్యవేక్షణ కాదు. 2025 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందులపై తొలి మార్గదర్శకాలు వెలువరిస్తూ, వీటిని దీర్ఘకాలం వాడవలసి ఉంటుందనీ, ఆహార వ్యాయామాలలో గట్టి తోడ్పాటు కూడా ఉండాలనీ షరతులతోనే సిఫారసు చేసింది. కొందరికి జీవితాంతం మందు తప్పకపోవచ్చు. అటువంటప్పుడు ఆ మాట మొదటి సూదికి ముందే చెప్పాలి, కుటుంబం లెక్క వేసుకుని నిర్ణయించుకోవాలి.

స్థూలకాయంలో దేశానికే ముందున్న ఈ చిన్న ప్రాంతంలోనే పార్లమెంటు 2008లో ప్రత్యేక చట్టంతో జాతీయ ప్రాముఖ్యం కల్పించిన జిప్మర్ ఉన్నది. కేంద్రం డబ్బుతో నడిచే సంస్థ. బరువు మందు మొదలుపెట్టిన ప్రతివారి పేరు ఒక పుస్తకంలో ఎక్కించి, మానిన తరువాత రెండేళ్లపాటు మూడు నెలలకొకసారి పిలిపించి, బరువు, నడుము, కండ బలం, చక్కెర చూసి, పెరుగుతున్నవారికి వ్యాయామం చేయించే మనిషినీ, అవసరమైతే తక్కువ మోతాదు మందునూ ఇచ్చే ఏర్పాటు ఇక్కడ మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కరలేదు. ఆరోగ్య శాఖ ఒక ఉత్తర్వు, కొద్దిపాటి పద్దు చాలు. రాదలచినవారు సిగ్గుపడకుండా వచ్చి "మానేశాను" అని చెప్పుకోగల గది ఒకటి ఉండాలి.

ఎన్నిమందికి ఈ మందు అమ్ముడైనదో కంపెనీలు లెక్క కడుతూనే ఉంటాయి. ఎంతమంది మానారో, మానినవారి గతి ఏమైనదో ప్రభుత్వం లెక్క కట్టాలి. లోక్‌సభలో పుదుచ్చేరికి ఉన్నది ఒకే స్థానం, రాజ్యసభలో ఒకటి. ప్రశ్నోత్తర సమయంలో ఈ ఒక్క లెక్క అడగడానికి ఇద్దరు సభ్యులు సరిపోతారు. వారు అడగకపోతే తెలుగు సభ్యులు అడగవచ్చు. యానాంలో కూడా జిప్మర్ విభాగం ఒకటి 2024 ఫిబ్రవరిలో ప్రధాని చేతుల మీదుగా ప్రారంభమైనది. ఆ పుస్తకం రెండవ ప్రతి అక్కడ తెరిస్తే, కాకినాడ, అమలాపురం వైపువారికి సైతం అది చాలా దగ్గర.