కెమెరా గొప్పా, కన్ను గొప్పా?

మొఘల్‌పురాలో నాకు తెలిసిన విద్యార్థి ఒకడున్నాడు. ఆ చుట్టుపక్కల గల్లీలన్నీ అతనికి కరతలామలకం. పాఠశాల ప్రదర్శనకు ఛాయాచిత్రాలు పంపవలసిందని ఉపాధ్యాయులు కోరినప్పుడు అతడు వెనుకంజ వేశాడు. "నా దగ్గర ఉన్నది పాత ఫోనండీ. మంచి కెమెరా కొనేవరకు నావల్ల కాదు" అన్నాడు. ఆ మాటలో వినయం కంటె నిరాశ ఎక్కువగా వినిపించింది. కొనే స్తోమతు లేనివాడు కళను కూడ వదలుకోవలసిందేనా?

ఆ బాలుని ఇంటికి అట్టే దూరం లేని చార్మినారును పందొమ్మిదవ శతాబ్దం చివరి దశకాలలోనే రాజా దీన్‌దయాళ్ ఛాయాచిత్రంగా తీశారు. ఆయన 1844లో మీరట్ సమీపాన సర్ధానాలో జన్మించారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో ప్రజాపనుల శాఖలో నక్షాలు గీసే ఉద్యోగం చేశారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో స్థాపించారు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారులైనారు. ఆయన ఈ విద్య ఆరంభించిన కాలంలో గాజుపలకపై రసాయనం పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, అప్పటికప్పుడు చీకటిలో కడుగవలసి ఉండేది. ఒక్క పలక చెడితే పడిన శ్రమ అంతా వృథా. అందుచేత చాలాసేపు చూడడం, ఒక్కసారి తీయడం ఆనాటివారికి అలవాటు కాక తప్పలేదు.

దీన్‌దయాళ్ వాడిన పరికరాలు సామాన్యమైనవి కావు. ఆ కాలానికి శ్రేష్ఠమైనవే. కాని అటువంటివి ఇతరుల వద్దనూ ఉండేవి. కట్టడం ఒరిగినట్లు కనిపించకుండా ఎక్కడ నిలబడవలెనో, ఎండ ఏ వైపునుండి పడితే చెక్కడపు పని పైకి తేలుతుందో చెప్పినది మాత్రం నక్షాలు గీసి ఆరితేరిన ఆ కన్నేనని నా విశ్వాసం.

ఇక నేటి లెక్క చూద్దాం. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఎ4 కాగితం నిండా అచ్చువేయడానికి సుమారు 87 లక్షల పిక్సెళ్ళు చాలు. సాధారణమైన ఫోన్లలోనే అవి కోటికి పైగా ఉంటున్నవి. పైగా పిక్సెళ్ళు నాలుగింతలు పెరిగితేగాని చిత్రంలోని సూక్ష్మత రెండింతలు కాదు. మసక వెలుతురులో కెమెరా సెకనులో పదిహేనవ వంతు కాలం తెరచుకొని ఉన్నప్పుడు చేయి కదిలిందా, ఎన్ని పిక్సెళ్ళున్నా అవన్నీ కలిసి ఆ వణుకునే చూపిస్తాయి.

అంతమాత్రాన కెమెరాకు విలువ లేదనడం సత్యదూరం. దూరాన కొమ్మపై వాలిన పక్షికి, రాత్రివేళ పరుగెత్తే ఆటగానికి పెద్ద కటకం కావలసిందే. అయితే ఆ అవసరం సాధన వలన తెలియవలెను గాని వ్యాపార ప్రకటన వలన కాదు. తన చేతిలోని పరికరం ఎక్కడ ఆగిపోతుందో ఎరిగినవాడే కొత్తదానిని సద్వినియోగం చేయగలడు.

ఆ విద్యార్థికి నేను చెప్పినది స్వల్పం. కటకాన్ని మెత్తని గుడ్డతో తుడవమన్నాను. మోచేతులు గోడకు ఆనించి ఊపిరి బిగబట్టమన్నాను. మధ్యాహ్నపు ఎండ మాని ఉదయపు ఏటవాలు వెలుగులో వెళ్ళమన్నాను. జూము చేయడానికి బదులు నాలుగడుగులు ముందుకు నడవమన్నాను. వారం తరువాత అతడు ఒక చిత్రం తెచ్చాడు. దుకాణం అరుగుమీద ఒక వృద్ధుడు సాసరులో చాయ్ పోసుకొంటున్నాడు. చాయ్ మీది ఆవిరి పోగులు పోగులుగా కనిపిస్తున్నది. ఫోను మాత్రం ఆ పాతదే.

ఉపాధ్యాయ మిత్రులకు నాదొక విన్నపం. ప్రదర్శనలో చిత్రం క్రింద కెమెరా పేరు వ్రాయించవద్దు. ఏ వేళ, ఎక్కడ నిలబడి, ఏమి చూచి తీశాడో విద్యార్థి చేత వ్రాయించండి. ఆడలేక మద్దెల ఓడన్న సామెతను మన పిల్లలకు ఎలాగూ చెబుతున్నాం. ఓటి మద్దెల మీదనైనా తాళం తప్పకుండా వాయించవచ్చునన్న ధైర్యం కూడ వారికి ఇవ్వవలసిన బాధ్యత మనదే.