స్పాట్ వెల్డర్‌కు కరెంటు ఎక్కడి నుంచి?



మన తిరుపతికి బ్యాటరీలు కొత్త కాదు. 1985లో మొదలైన అమరరాజా సంస్థ కరకంబాడిలో లెడ్ యాసిడ్ బ్యాటరీలు తయారుచేస్తూ ఎన్నో కుటుంబాలకు బతుకుతెరువు చూపింది. 2022లో మునోత్ సంస్థ ఇక్కడే లిథియం సెల్లుల ఫ్యాక్టరీని సిద్ధం చేసింది. పల్లెల్లో మందు కొట్టే స్ప్రేయర్లు మొదలుకొని ఎలక్ట్రిక్ స్కూటర్ల దాకా ఇప్పుడు బ్యాటరీలతోనే నడుస్తున్నాయి. అందుకే ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే మన తమ్ముళ్ళు బ్యాటరీ ప్యాకులు కట్టడం నేర్చుకోవాలనుకోవడం ఎంతో మంచిది. సర్టిఫికెట్‌తో పాటు చేతిలో ఒక పని ఉన్నవాడు ఎక్కడా పస్తుండడు.

సెల్లుకు సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే వేడి లోపలికి దిగి సెల్లు పాడవుతుంది. స్పాట్ వెల్డర్ అలా కాదు. కొన్ని వందల ఆంపియర్ల కరెంటును సెకనులో వందో వంతు సేపు పంపి, నికెల్ పట్టీ సెల్లును తాకినచోట మాత్రమే కరిగించి అతికిస్తుంది. టైమర్ సర్క్యూట్ కట్టడం మనవాళ్ళకు కష్టం కాదు. అసలు చిక్కు, అంత కరెంటు ఎక్కడి నుంచి తేవాలన్నదే.

చాలామంది మొదట వెదికేది పాత మైక్రోవేవ్ ఓవెన్. పాత సామాన్ల అంగట్లో చవకగా దొరుకుతుంది. అందులోని ట్రాన్స్‌ఫార్మర్‌కు లావు తీగ చుట్టుకుంటే రెండు మూడు వోల్టులే వస్తాయి, షాకు కొట్టదు అంటారు. అది నిజమే. కానీ అక్కడికి చేరేలోపు ఏముందో చూడండి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ అసలు చుట్ట నుంచి వచ్చేది సుమారు 2000 వోల్టులు. ప్లగ్గు తీసేసినా ఓవెన్ కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జి మిగిలి ఉండవచ్చు. అన్నీ సరిగ్గా చేసినా, ఒకవైపు 230 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. పదిమంది పడుకునే గదిలో అలాంటి పరికరం ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక రెండో దారి ఇన్వర్టర్ బ్యాటరీ. 150 ఏహెచ్ కదా, బోలెడు కరెంటు వస్తుందనుకుంటారు. మిద్దె మీది ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నా అర అంగుళం పైపులోంచి ధార సన్నగానే వస్తుంది. ఏహెచ్ అంటే ట్యాంకు సైజు, మనకు కావలసింది పైపు సైజు. ట్యూబులర్ బ్యాటరీ గంటల తరబడి నిదానంగా కరెంటు ఇవ్వడానికి చేసినది. కారు స్టార్టింగ్ బ్యాటరీలో పలుచని ప్లేట్లు ఎక్కువగా ఉంటాయి. అందువల్ల అంతర్నిరోధం తక్కువ, ఒక్కసారిగా వచ్చే కరెంటు ఎక్కువ.

డ్రోన్లకు వాడే లిథియం పాలిమర్ ప్యాకులూ ఇంత కరెంటు ఇస్తాయి. కానీ షార్టయితే మంట లేస్తుంది. సూపర్ కెపాసిటర్లు మంచివే గానీ, ఒక్కొక్కటి సుమారు 2.7 వోల్టులే తట్టుకుంటుంది. వాటిని సమంగా చార్జి చేసే సర్క్యూట్ వేరే కావాలి, ఖర్చూ ఎక్కువే. కాబట్టి నేర్చుకునేవారికి 12 వోల్టుల కారు బ్యాటరీయే తగినదని నేనంటాను.

అయితే బ్యాటరీ ఒక్కటి మంచిదైతే చాలదు. పదో తరగతి ఓమ్ నియమం గుర్తు తెచ్చుకోండి. 12.6 వోల్టులు, మొత్తం నిరోధం 20 మిల్లీఓములు అయితే 630 ఆంపియర్లు వస్తాయి. అదే సర్క్యూట్‌లో ఇళ్ళకు వాడే 1.5 చదరపు మి.మీ. వైరు రెండు మీటర్లు కలిపితే 23 మిల్లీఓములు పెరిగి, కరెంటు 300 లోపుకు పడిపోతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక నాలుగో వంతు కూడా మిగలదు. 16 చదరపు మి.మీ. రాగి వైరు అయితే మీటరుకు ఒక్క మిల్లీఓమే. వైరు లావుగా, పొట్టిగా ఉండాలి.

సెకండ్‌హ్యాండ్ బ్యాటరీ కొనేటప్పుడు లోడ్ టెస్టర్ పెట్టి చూపించమనండి. లోడు మీద 9.6 వోల్టుల కిందికి పోతే వద్దనండి. మాస్‌ఫెట్ కాలిపోతే చాలాసార్లు షార్టయి కరెంటు ఆగకుండా పారుతుంది. అందుకే బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి. ఉంగరాలు, కడియాలు తీసేయండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది గనుక గాలి ఆడే వరండాలోనే పెట్టండి. చార్జింగ్ అవుతుండగా వెల్డింగ్ చేయవద్దు.

"చవకగా దొరికే ట్రాన్స్‌ఫార్మర్ వదిలి, డబ్బు పెట్టి బ్యాటరీ కొనమంటావా?" అని తమ్ముళ్ళు అడగవచ్చు. నెల నెలా వచ్చే కాస్మెటిక్ చార్జీలతో ఒక్కడివల్ల కాదు, నిజమే. కానీ హాస్టల్ మొత్తానికి ఒక్క బ్యాటరీ, ఒక్క బల్ల చాలు. ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు నలుగురు కలిస్తే అదెంత? వార్డెన్ సారు కూడా భయపడి వద్దనడం కంటే, ఒక చోటు చూపించి, తెలిసినవారి పర్యవేక్షణలో చేయనిస్తే మేలు. వద్దంటే పిల్లలు మానుకోరు, చాటున చేస్తారు. ప్రమాదం జరిగేది ఆ చాటునే.

కూలికి పోయి మనల్ని చదివిస్తున్న తల్లిదండ్రులకు మనమే ఆస్తి. పని నేర్చుకుందాం, ప్రాణం కాపాడుకుంటూ నేర్చుకుందాం.