తాగుడు మన రక్తంలో లేదు, దారిలో ఉంది



"తండా పోరలకు తాగుడు పుట్టుకతోనే వస్తది" అనే మాట కాలేజీల కూడా వింటున్నం. మేం ఒప్పుకోం. అది రక్తం కాదు, అలవాటు. శంషాబాద్‌ల ఎయిర్‌పోర్టు డ్యూటీ దిగి హాస్టల్‌కు వస్తుంటే దారిలోనే వైన్స్. మనం ఆలోచించకముందే కాళ్లు అటు తిరుగుతయి. రోజూ తిరిగితే మెదడు నేర్చుకుంటది.

నేర్చుకున్నది మార్చొచ్చు కూడా. జర్మనీలో తాగుడు మానడానికి చేరినవాళ్లకు చికిత్సతో పాటు ఒక సాధన చేయించిన్రు: తెర మీద మందు బొమ్మ కనబడితే జాయ్‌స్టిక్‌తో అవతలికి నెట్టాలి. 2011లో అచ్చయిన ఫలితాల ప్రకారం, ఏడాది తర్వాత వాళ్లలో మళ్లీ తాగుడులో పడ్డవాళ్లు తక్కువ.

మనకు సర్కారు ఏమిచ్చింది? 2021లో వైన్ షాపుల్లో ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్! అక్కడ సీసాను నెట్టుడు నేర్పితే, ఇక్కడ సీసా అమ్ముడు నేర్పుతున్నరు.

తాగినంక జేబులో కండోమ్ ఉన్నా గుర్తుకురాదు. అందుకే ముందే అనుకుందాం: ఇద్దరిలో ఎవరు తాగినా ఆ రాత్రి వద్దు. జీతం పడ్డ రోజు వైన్స్ లేని దారిలో వద్దాం.

మనం మారితేనే సరిపోదు. దూబగుంట ఆడోళ్లు 1992లో లేస్తే 1993లో సారా బంద్ అయింది. తండాల్లో బెల్టు షాపులు మూయాలి, హాస్టళ్లకు కౌన్సిలర్ రావాలి. అడుగుదామా?